సైదులు: ఒక్క పేరులో నాలుగు మర్యాదలు

ఉత్తరం పైన "శ్రీ సైదులు గారికి" అని రాసినప్పుడు ఒక మనిషికి ఎన్ని మర్యాదలు జరుగుతున్నాయో లెక్కపెట్టి చూడవచ్చు. ముందున్న "శ్రీ" ఒకటి, వెనకున్న "గారు" రెండు. మధ్యలో పేరుగా కనిపిస్తున్న మూడక్షరాలను విప్పితే మరో రెండు బయటపడతాయి. "సైదు" అరబ్బీ "సయ్యిద్" నుంచి వచ్చింది. ఆ మాటకు ప్రభువు, పెద్ద అని అర్థం. చివర తగిలిన "లు" తెలుగువారు గౌరవం కోసం వాడే బహువచనం. అరబ్బు దేశాల్లో ఇవాళ ఉత్తరాల మీద మన "శ్రీ"కి బదులు రాసే మాట కూడా ఈ "సయ్యిదే". లెక్క తేలాక చూస్తే మర్యాదలన్నీ ఉన్నాయి, అసలు పేరంటూ విడిగా ఏమీ మిగల్లేదు.

ఈ పేరు తెలుగు నేలంతటా ఒకేలా పరుచుకొని లేదు. పాత నల్లగొండ జిల్లా దక్షిణ భాగంలో, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ చుట్టూ ఉన్న ఊళ్లలో దీని చిక్కదనం ఎక్కువ. కృష్ణ దాటితే పల్నాడులోనూ వినిపిస్తుంది. అటు శ్రీకాకుళానికో ఇటు ఆదిలాబాదుకో వెళితే అరుదు. ఒక పేరు ఇలా ఒక నది పక్కన గూడు కట్టుకుందంటే దాని పుట్టుక నిఘంటువులో కాక, ఆ చుట్టుపక్కల ఎక్కడో వెతకాలి. అయినా ముందు నిఘంటువు సంగతే చూడటం మంచిది. ఎందుకంటే అక్కడే ఒక చిక్కు ఉంది.

అరబ్బీలో మాటలు చాలావరకు మూడేసి హల్లుల ధాతువుల నుంచి పుడతాయి. "సయ్యిద్" ధాతువులో ఉన్నవి స, వ, ద. పెత్తనం వహించడం, తెగకు పెద్దగా ఉండటం దాని అర్థం. ఇస్లాం రాకముందు కూడా అరబ్బు తెగల నాయకులను సయ్యిద్ అనేవారు. తరువాతి కాలంలో ప్రవక్త కుమార్తె ఫాతిమా సంతానానికి, అంటే హసన్, హుసేన్‌ల వంశాలకు, అది బిరుదుగా స్థిరపడింది. స్పెయిన్‌లో 1099లో చనిపోయిన రోడ్రిగో దియాజ్ అనే క్రైస్తవ యోధుణ్ని చరిత్ర "ఎల్ సిద్" పేరుతోనే గుర్తు పెట్టుకుంది. అక్కడి అరబ్బీ పలుకుబడిలో "సీదీ" అంటే "నా ప్రభువు". ఆ సిద్, ఈ సైదు ఒకే చెట్టు కొమ్మలు. ఢిల్లీని 1414 నుంచి 1451 వరకు ఏలిన రాజవంశం తనను సయ్యద్ వంశమనే చెప్పుకుంది. అన్నట్టు, ఇవే మూడు హల్లుల నుంచి అరబ్బీలో నలుపును తెలిపే "అస్వద్" అనే మాట కూడా ఉంది. నల్లగొండలో నలుపు ఉంది కదా అని ఆ రెంటికీ ముడి పెట్టనక్కరలేదు. భాషలు అప్పుడప్పుడు ఇలాంటి ఆటలు ఆడుతుంటాయి.

చిక్కు ఏమిటంటే, అరబ్బీలో "సయీద్" అని ఇంకో మాట ఉంది. దానికి సయ్యిద్‌తో చుట్టరికం లేదు. దాని ధాతువు మధ్యలో గొంతు లోపలి నుంచి పలికే "ఐన్" అనే హల్లు ఉంటుంది. అర్థం అదృష్టవంతుడు, సంతోషంగా ఉన్నవాడు. మసూద్, సాదత్ వంటి పేర్లు ఈ కుటుంబానివి. ఈజిప్టులో సూయజ్ కాలువ మొదట్లో ఉన్న పోర్ట్ సయీద్ రేవు పేరులో ఉన్నదీ ఇదే. ఉర్దూ లిపిలో రాస్తే ఈ రెంటినీ ఎవరూ కలగలపరు, అక్షరాలే వేరు. తెలుగు లిపిలో ఐన్‌కు చోటు లేదు కాబట్టి "సైద్" అని రాసినప్పుడు రెండూ ఒకటైపోతాయి. పిల్లల పేర్ల పుస్తకాలు కొన్ని ఒక అర్థాన్ని, కొన్ని మరొక అర్థాన్ని ఇవ్వడానికి, ఇంకొన్ని రెంటినీ కలిపి వడ్డించడానికి కారణం ఇదే.

సైదులు ఏ కొమ్మకు చెందినవాడో తేల్చడానికి మనవాళ్ల నోరే సాక్ష్యం. "సయీద్"లో రెండో అచ్చు దీర్ఘం. అరువు తెచ్చుకున్న మాటల్లో దీర్ఘాన్ని తెలుగు నోరు అప్పుడప్పుడు కుదిస్తుంది గాని పూర్తిగా మింగేయదు. దస్తగీర్ "దస్తగిరి" అయ్యాడు, మహబూబ్ "మాబు" అయ్యాడు. దీర్ఘం పొట్టిదైంది, అచ్చు మాత్రం బతికే ఉంది. సయ్యిద్‌లోని రెండో అచ్చు మొదటి నుంచీ హ్రస్వమే. ఉర్దూలో అది "సయ్యద్"గా, ఇంకా వేగంగా పలికితే "సైయద్"గా వినిపిస్తుంది. అక్కడి నుంచి "సైదు"కు ఒక్క అడుగే. పదం చివర హల్లును నిలవనీయక ఉకారం చేర్చుకోవడం తెలుగుకు పుట్టుకతో వచ్చిన అలవాటు. కాబట్టి మొగ్గు సయ్యిద్ వైపే. ముందు ముందు చూడబోయే సంగతి, ఈ పేరు ఒక దర్గా నుంచి వచ్చింది; ఆ దర్గాలో ఉన్న మహనీయుణ్ని పిలవడానికి వంశగౌరవం తెలిపే బిరుదు పొసగినంతగా "అదృష్టవంతుడు" అనే మాట పొసగదన్నది మరో కారణం. పాత కావ్యభాషలో తోడబుట్టినవాడు, సహాయుడు అనే అర్థంలో "సైదోడు" అనే తెలుగు మాట ఉంది. ఎవరైనా ఉత్సాహవంతులు దాన్ని ఇక్కడికి లాక్కురావచ్చు. చెవికి దగ్గరగా ఉండటం తప్ప ఆ వాదానికి బలం లేదు.

ఇక తెలుగు చేసిన పని. తెలుగులో మగవారి పేర్లు ఏకవచనంలో "డు" తీసుకుంటాయి, గౌరవిస్తే "లు" తీసుకుంటాయి. రాముడు, రాములు. ఆంజనేయుడు, ఆంజనేయులు. నరసింహుడు, నరసింహులు. మొదటిది కథలోని మనిషి, రెండోది మన ఊరి మనిషి. సైదులు విషయంలో ఈ జంట విరిగిపోయింది. "సైదుడు" అనే రూపం ఎక్కడా లేదు. దైవాన్ని చనువుతో "రాముడు" అన్న తెలుగువారు దర్గాలోని పెద్దాయనను ఏకవచనంలో పిలిచే చనువు తీసుకోలేదు. పిలిస్తే "సైదన్న" అన్నారు, లేదా "సైదులు" అన్నారు. అందువల్ల ఈ పేరులోని "లు" ఉయ్యాలలోని పసివాడికి ఇచ్చిన గౌరవం కాదు, ఆ పసివాడు ఎవరి పేరు మోస్తున్నాడో ఆయనకు ఇచ్చినది. ఇంట్లో అది ఎంతసేపూ నిలవదనడానికి రుజువులు కావలసినన్ని. తల్లి "సైదా" అంటుంది, అన్న "సైదీ" అంటాడు, తోటి పిల్లలు "సైదిగా" అని కేకేస్తారు. ఇక్కడ ఇంకో చమత్కారం ఉంది. అరబ్బీలో "సయ్యిదా" అంటే స్త్రీ, శ్రీమతి. నల్లగొండలో "సైదా" అంటే గొర్రెలు తోలుకొచ్చిన మగపిల్లవాడు. రామా, కృష్ణా అన్నట్టే సంబోధన కోసం చివరి అచ్చును సాగదీసిన రూపమది. ఆడపిల్ల కావాలంటే తెలుగు తన దగ్గరున్న "అమ్మ"ను చేర్చి సైదమ్మ అంటుంది.

పేరు వెనక ఉన్న దర్గా జాన్‌పహాడ్ అనే ఊళ్లోది. ఆ ఊరు ఇప్పుడు సూర్యాపేట జిల్లా పాలకీడు మండలంలో ఉంది. 2016 అక్టోబరు వరకు ఇదంతా నల్లగొండ జిల్లానే. మూసీ నది కృష్ణలో కలిసే వాడపల్లి ఇక్కడికి దగ్గర. "జాన్" పారసీకంలో ప్రాణం, "పహాడ్" అంటే కొండ. ఊరి పేరులోనే దర్గా ఉందన్నమాట. అక్కడ వెలిసిన వారిని షహీదులుగా, అంటే ప్రాణాలర్పించిన వీరులుగా, స్థానిక కథనం చెబుతుంది. ఏటా జనవరిలో ఉర్సు ఉత్సవం జరుగుతుంది. శుక్రవారం నాటి గంధం ఊరేగింపు దానికి ప్రాణం. ఆ నుదుటి మీద బొట్టు, ఈ తల మీద టోపీ, భుజం మీద కంబళి అన్నీ ఒకే వరుసలో నిలబడి ఉంటాయి. లంబాడీ తండాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి.

వచ్చినవారు చేసేదాన్ని "కందూరు" అంటారు. యాటను కోసి, దర్గాను చూసుకునే ముజావర్ చేత ఫాతిహా ప్రార్థన చదివించి, చెట్ల కింద పొయ్యిలు పెట్టి వండి, చుట్టాలను పిలిచి పెట్టే మొక్కు భోజనమది. "మొన్న మా వాళ్లు కందూరు చేశారు" అన్న మాట ఆ ప్రాంతంలో పెళ్లిపిలుపంత మామూలు. ఈ మాట ప్రయాణం కూడా తక్కువది కాదు. పారసీకంలో "కందూరీ" అంటే భోజనం వడ్డించడానికి పరిచే బట్ట. అక్కడి నుంచి మహనీయుల పేరుతో చేసే విందు అనే అర్థానికి మారింది. తమిళనాడులోని నాగూరు దర్గా ఉత్సవం పేరు కందూరీ. మలయా, ఇండోనేషియా వరకు వెళ్లి అక్కడ "కెందురీ" అయింది. పాలకీడు చెట్ల కింద ఉడికే మాంసానికీ సుమత్రా దీవిలోని ఊరి విందుకూ ఒకే పేరుండటం ఆ వంట చేసేవారికి తెలియకపోవచ్చు. దాంతో పాటే మలీదా, ఊదు, దట్టి వంటి మాటలు కూడా ఆ ఇళ్లలో ఎవరూ అర్థం అడగని తెలుగు మాటలైపోయాయి.

పేరు పుట్టేది ఈ మొక్కు దగ్గరే. పిల్లలు కలగనివారు, పుట్టిన పిల్లలు దక్కనివారు దర్గాకు వచ్చి "బిడ్డ పుడితే నీ పేరు పెట్టుకుంటాం" అని మొక్కుకుంటారు. పుట్టాక కందూరు చేస్తారు, పేరు పెడతారు. ఇది ఒప్పందం వంటిది, పేరే దాని రసీదు. మగపిల్లవాడైతే సైదులు, ఆడపిల్లయితే సైదమ్మ. అందుకే సైదులుకు అర్థం "ప్రభువు" అని చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. ఆ పేరు పెట్టిన తల్లిదండ్రుల మనసులో అరబ్బీ ధాతువు లేదు. వారి దృష్టిలో దాని అర్థం "ఆయన ఇచ్చినవాడు".

ఇలా చూస్తే సైదులు ఒంటరి కాదు, ఆ ప్రాంతంలోని పెద్ద పేర్ల కుటుంబంలో ఒకడు. యాదగిరిగుట్టకు మొక్కితే యాదగిరి, యాదయ్య. చెర్వుగట్టు జడల రామలింగేశ్వరుడికి, దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల స్వామికి మొక్కితే లింగయ్య, లింగస్వామి. పాలమూరు వైపు వెళితే కురుమూర్తి స్వామి పేరున కురుమయ్యలు, కురుమూర్తులు. నల్లమల అంచు ఊళ్లలో శ్రీశైలం అనేది క్షేత్రం పేరు మాత్రమే కాదు, బడికి వెళ్లే కుర్రవాడి పేరు కూడా. బయటివారికి "శ్రీశైలం వచ్చాడు" అన్న వాక్యం వింతగా ఉంటుంది గాని అచ్చంపేటలో ఎవరూ తల తిప్పి చూడరు. పిల్లలు దక్కని ఇళ్లలో మరో రకం పేర్లూ పుట్టాయి. బిడ్డను భిక్షగా అడిగి తెచ్చుకున్నట్టు బిక్షం, బిక్షపతి. పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకుంటే పెంటయ్య. ఎంగిలి విస్తరిలో దొర్లిస్తే పుల్లయ్య. చావుకు కన్ను కుట్టకుండా పేరును మురికి చేయడం ఒక ఉపాయమైతే, గట్టి అండ ఉన్నవాడి పేరు తగిలించడం మరొకటి. సైదులు ఈ రెండో రకం.

మొక్కుతో వచ్చే పేరు కులాన్ని చూసి రాదు. యాదవుల ఇంట్లో, గౌడుల ఇంట్లో, మాదిగవాడలో, తండాలో, వడ్రంగి ఇంట్లో ఈ పేరు కనిపిస్తుంది. రెడ్ల ఇళ్లలో అది సైదిరెడ్డి అయింది. నర్సిరెడ్డి, యాదిరెడ్డి అన్న అచ్చులోనే పోసిన రూపమది. ఆచారుల ఇంట్లో సైదాచారి. ఈ చివరి రూపాన్ని కాస్త ఆగి చూడాలి. ఒక పక్క ప్రవక్త వంశపు బిరుదు, మరో పక్క విశ్వకర్మ సంప్రదాయపు ఆచార్యత్వం. రెండూ ఒకే మనిషిలో ఒదిగి, ఊళ్లో ఎవరికీ వింతగా తోచకుండా నాగలి చెక్కుకుంటున్నాయి.

వంశబిరుదుగా సయ్యద్ అనేది మిగతాచోట్ల పుట్టుకతో మాత్రమే వచ్చేది. ఒకరు ఇస్తే వచ్చేది కాదు, వంశవృక్షం చూపించాలి. దక్కనులోని ముస్లిం కుటుంబాల్లో కూడా అది పేరుకు ముందు నిలిచే వంశసూచన. షేక్ కుటుంబంవారు దాన్ని అలా వాడుకోరు. అదే మాట "లు" తగిలించుకొని పేరు స్థానంలోకి వచ్చేసరికి ఆ కట్టడి పోయింది. షేక్ సైదులు ఉండవచ్చు, సైదులు నాయక్ ఉండవచ్చు. రక్తాన్ని బట్టి దక్కే ఒక బిరుదును మొక్కును బట్టి ఎవరికైనా దక్కే పేరుగా మార్చేయడం ఏ సంస్కర్తో పూనుకొని చేసిన పని కాదు. దర్గా మెట్ల మీద బిడ్డను ఎత్తుకొని నిలబడ్డ మనుషులు తెలియకుండానే చేసిన పని.

ఇలాంటి మార్పు ఇంకా చాలాచోట్ల జరిగింది. బాగ్దాదుకు చెందిన అబ్దుల్ ఖాదిర్ జీలానీ బిరుదు "దస్తగీర్". చేయి పట్టుకునేవాడు, ఆదుకునేవాడు అని పారసీక అర్థం. రాయలసీమలో అది దస్తగిరి అయి, దస్తగిరి రెడ్డి, దస్తగిరమ్మ అయింది. "గీర్" కాస్తా "గిరి" కావడంతో శేషగిరి, వేదగిరి పక్కన కూర్చోబెట్టినా ఎవరూ అనుమానించరు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలోకి వచ్చిన ఇన్ముల్‌నర్వలో జహంగీర్ పీర్ దర్గా ఉంది. ఆ చుట్టుపక్కల జాంగీర్ అన్న పేరు హిందువుల ఇళ్లలోనూ వినవచ్చు. జహాన్ అంటే లోకం, దాన్ని పట్టినవాడు జహంగీర్. చేయి పట్టేవాడిలోనూ లోకం పట్టేవాడిలోనూ ఉన్నది ఒకే "గీర్". మహబూబ్‌నగర్ పట్టణమే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరున 1890లో ఆ పేరు పొందింది. మహబూబ్ అంటే ప్రియమైనవాడు. నిజాం పాలనలో ఉర్దూ కచేరీల భాష కావడం వల్లే ఈ పేర్లు వచ్చాయని అనుకోవడం తేలికే గాని సరికాదు. కచేరీ భాష ఇచ్చినవి తహశీలు, పహాణీ, జమాబందీ వంటి మాటలు. పిల్లల పేర్లు కచేరీ నుంచి రాలేదు. నిజాం ఏలని కాలంలోనూ కడప, నెల్లూరు వైపు దస్తగిరులూ మస్తానయ్యలూ ఉన్నారు. పేర్లను తెచ్చినవి దర్గాలు, పీరీల పండుగలు.

ఊరు దాటాక సైదులుకు చిక్కులు మొదలవుతాయి. తన ఊళ్లో ఆ పేరు మతం చెప్పదు. ఇంటిపేరో, వెనకున్న గౌడో నాయకో చెబుతుంది. నగరంలో దరఖాస్తు చూసే గుమాస్తాకు, ఇల్లు అద్దెకిచ్చే యజమానికి పేరే మతం. "సైదులు అంటే ముస్లిమా?" అన్న ప్రశ్న ఈ పేరుగలవారు హైదరాబాదులో తరచు ఎదుర్కొనేదే. కాదంటే "మరి ఆ పేరేమిటి?" అన్నది రెండో ప్రశ్న. ముస్లిం సైదులుకు ఎదురయ్యే ప్రశ్న దీనికి తలకిందులు. "లు" ఎక్కడి నుంచి వచ్చిందని అతని దూరపు చుట్టాలే నవ్వుతారు. ఒకరికి పేరు మొదలు తంటా, ఇంకొకరికి చివర తంటా.

ఈ తంటా పడలేక కొందరు కుర్రవాళ్లు పేరును "సాయి"గా కుదించుకుంటున్నారు. మొదటి అక్షరం కలిసి వస్తుంది, అడిగేవాడు నోరు మూసుకుంటాడు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. షిరిడీ ఫకీరును "సాయి" అని పిలిచిన ఆ మాట కూడా దర్గాల, ఫకీర్ల లోకంలో తిరిగినదే. సంస్కృత "స్వామి" ప్రాకృతంలో అరిగి "సాయీ" అయిందని భాషావేత్తలు చెబుతారు. అంటే దానికీ అర్థం ప్రభువే. అరబ్బీ ప్రభువు నుంచి ప్రాకృత ప్రభువుకు మారి, ఆ కుర్రవాడు అర్థంలో ఒక్క అంగుళం కూడా కదల్లేదు. నిజామాబాదు, కామారెడ్డి వైపు కనిపించే "సాయిలు" అనే పేరు మాత్రం వేరు. "లు" ఉంది కదా అని దాన్ని సైదులుకు తమ్ముణ్ని చేయకూడదు.

కొత్తగా పుడుతున్న పిల్లల్లో సైదులు తగ్గుతున్నాడు. పేరు మోటగా ఉందని, బడిలో నవ్వుతారని తల్లిదండ్రులు వెనకాడుతున్నారు. మొక్కు మానలేదు, ఉర్సుకు వెళ్లడం మానలేదు. దర్గా దగ్గర చెవిలో సైదులు అని పిలిచి, పుట్టిన తేదీ పత్రంలో మరో పేరు రాయించే పద్ధతి ఒకటి మొదలైంది. ఆ మరో పేరు ఏమిటని చూస్తే ఒక్కోసారి కబీర్ అని ఉంటుంది. "గొప్పవాడు" అనే అర్థంలో అదీ అరబ్బీ మాటే. కాకపోతే అది సినిమాల మీదుగా, నగరం మీదుగా వచ్చింది, జాన్‌పహాడ్ మీదుగా రాలేదు.